బానెట్ మీద చెయ్యి

"చస్తే ఇద్దరం కలిసే చస్తాం, పద" అంటూ లూదియా పికప్ ఎక్కి కూర్చుంది.

కొడుకు శాంసన్ నవ్వాడు. "షెడ్డు కాడనే సావు మాటలేందిమా? పాస్టరుగారు ప్రార్థన గూడా చేసిపాయ గదా."

"ఆయన బండికి చేసినాడు. ఇంజన్‌కు చేసినాడో లేదో!"

పాత ఇంజన్ పగిలిపోతే నంద్యాల మెకానిక్ కాశీవిశ్వనాథం వేరే కంపెనీ ఇంజన్ తెచ్చి బిగించాడు. ఎద్దు కొమ్ములు గాడిదకు అతికించినట్టనిపించింది లూదియాకు.

ఆర్సీ కార్డులో ఇంకా పాత ఇంజన్ నంబరే ఉంది. అది మార్పించుకునేలోపు ఆర్టీవో ఆఫీసు వాళ్ల కంటపడితే బండి పోతుంది. బండి పోతే పొయ్యిలో పిల్లి లేవదు.

నంద్యాల దాటగానే వెనక ఒక ముసలాయన మోటారు సైకిలు మీద కనిపించాడు.

"నాయనా, ఆయప్ప మన ఎంటే వస్తాండాడు."

"ఆళ్లగడ్డకు ఇంకెవురూ పోగూడదా?"

"మనం నిదానిస్తే ఆయప్పా నిదానిస్తాండాడు. ఆఫీసోల్ల మనిషే. ఆపొద్దు!"

ఆళ్లగడ్డ దగ్గరపడేసరికి భయంతో ఆమె నోరెండిపోయింది. శాంసన్ రోడ్డు పక్కన ఆపి, చక్రం కింద రాయి పెట్టాడు.

"ఇంజన్ ఆపితే మల్లా తొయ్యాల. అట్లనే ఉండనీ. నీల్లు తెస్తా."

కొడుకు హోటల్లోకి పోయాడో లేదో, మోటారు సైకిలు వచ్చి ఆగింది. ముసలాయన నేరుగా వచ్చి బానెట్ మీద అరచెయ్యి ఆనించాడు.

లూదియా తలుపు పిడి లాగింది. అది లోపలి నుంచి రాదన్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. బోనులో ఎలుకైపోయింది.

"ఏమప్పా! చెయ్యి తియ్యి!"

"రొంతసేపమ్మా." ఆయన చెవి బానెట్ వైపు వంచాడు. "ఇంజన్ ఈ బండిది కాదు గదా?"

ఆమె పిడిని ఇంకా గట్టిగా లాగింది. "నీకెవురు చెప్పినారు?"

"చెప్పేదేముంది, శబ్దం తెలుస్తాంది. ఒక్కసారి ఎక్సలేటరు గట్టిగా తొక్కు తల్లీ, ఇని పోతా."

విని పోయి ఎవరికి చెబుతాడో ఆమెకు తెలియదా?

చెయ్యి చాచి తాళం తిప్పేసింది. ఇంజన్ ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది.

ముసలాయన చెయ్యి మాత్రం బానెట్ మీదనే ఉంది.

"ఇంక ఏమింటావో ఇను!" అని అరిచింది లూదియా. "నీకూ ఒక కొడుకుంటే తెలిసేది. ఇట్ల బిడ్డలు బతికే బండి మింద పడేవానివి కాదు!"

ఆయన మెల్లగా చెయ్యి తీశాడు. ఆమె ఇంకా పిడితో పెనుగులాడుతుంటే ఇవతలికొచ్చి, తలుపు బయటి నుంచి తెరిచి, తన బండెక్కి వెళ్లిపోయాడు.

"పీడ పాయ" అంది ఆమె, కొడుకు తెచ్చిన నీళ్లు గటగటా తాగి.

శాంసన్ తల పట్టుకున్నాడు. "ఇంజన్ ఎందుకు ఆపితివిమా? ఇప్పుడెవురు తొయ్యాల?"

అంతలో ఫోను మోగింది. కాశీవిశ్వనాథం. శాంసన్ స్పీకర్ పెట్టాడు.

"శాంసనా, మీరు అట్ల పోతానే ఒక పెద్దాయన వచ్చినాడప్పా, మీ ఎనకనే పంపిస్తి. కలిసినాడా? పాణ్యం కాడ బోల్తాపడి సచ్చిపోయిన ఆయన కొడుకు బండిది ఆ ఇంజన్. పాత ఇనుముకు ఎయ్యొద్దు, ఎవురన్నా బిడ్డ బతుకుతాడని ఊరకనే ఇచ్చిపాయ. ఒక్కసారి ఆ శబ్దం ఇంటే సాలనె. ఇనిపించినారా?"