మూడోసారి వాంగ్మూలం

“మళ్ళీ మొదట్నుంచి చెప్పు,” అన్నాడు హెడ్డు కానిస్టేబులు. “కాగితాలు దొరగారికి పోవాలి. ఒక్క మాట తప్పినా కేసు నిలవదు.”

నూకాలును ఉప్పు కొఠారు కాపలా జమేదారు చెరిచి నాలుగు రోజులైంది. తల్లి పోలమ్మతో ఉప్పాడ నుంచి ఠాణాకు నడిచి రావడం ఇది మూడోసారి.

“సెప్పమ్మా, బాబుగారు రాసుకుంటన్నారు,” అంది పోలమ్మ.

నూకాలు తల వంచుకుని చెప్పసాగింది. వసారాలోని జవాన్లు ఆకూవక్కా నములుతూ ఒక్కొక్కరే లోపలికొచ్చి గోడకు చేరబడ్డారు.

“అప్పుడు ఏమని అరిచావు? ఎలా అరిచావో అలాగే అను,” అన్నాడు హెడ్డు.

నూకాలు తలెత్తింది. అతని చేతిలోని కలం పొడిగా ఉంది. ముందున్న కాగితం మీద ఒక్క గీతైనా లేదు.

“నిన్న నే సెప్పింది ఓసారి సదవండి బాబూ,” అంది.

పోలమ్మ కంగారుగా కూతురి చెయ్యి గిల్లింది. “పెద్దోర్ని అలా అడక్కూడదే.”

హెడ్డుకు కోపం రాలేదు, నవ్వొచ్చింది.

“చదవడమెందుకే? మావాళ్ళందరికీ నోటికొచ్చేసింది.”

గోడవారనున్న జవాను ఒకడు గొంతు సన్నం చేసుకుని, నూకాలు ఆపిన చోటి నుంచి అందుకున్నాడు.

పోలమ్మ రెండు చేతులతో కూతురి చెవులు మూసింది.