రెండో గుండీ

తూకం సరిగ్గానే ఉంది. పెట్టెలో సబ్బు మాత్రం లేదు.

అత్తయ్య ఇంకో పెట్టె విప్పింది. అందులోనూ లేదు.

పోస్టాఫీసు వెనక గదిలో సైనికులకు పెట్టెలు కట్టే ఆడవాళ్ళందరికీ ఆమె అత్తయ్యే. బతుకుతెరువు బట్టలు కుట్టడం. ప్రతి గురువారం సరిహద్దుకు వెళ్ళే పెట్టెల్లో ఏముండాలో తేల్చేది ఆమే. ఒక్కోటీ ఐదు కిలోలు. చిటికెడు ఎక్కువైనా వ్యాను ఎక్కదు.

ఇరవై రెండేళ్ళ కిందట ఆమె కొడుకూ ఆ సరిహద్దుకే వెళ్ళాడు.

బయల్దేరేటప్పుడు చూసింది, వాడి స్వెట్టరుకు రెండో గుండీ లేదు.

"ఉండరా, చిటికెలో కుట్టేస్తా."

"బండి వెళ్ళిపోతుందమ్మా. వచ్చాక కుడుదువులే."

వాడు రాలేదు. వాడి సామాన్ల పెట్టె వచ్చింది.

అందులో స్వెట్టరు ఉతికి, మడతపెట్టి ఉంది. రెండో గుండీ కుట్టి ఉంది. నల్లదారంతో, ఒక రంధ్రం నుంచి మిగతా మూడింటికీ, పిచ్చుక కాలిలా.

వాడికి సూదిలో దారం ఎక్కించడం కూడా రాదు. ఇన్నేళ్ళ కుట్టుపనిలో అలాంటి కుట్టు ఆమె ఎక్కడా చూడలేదు. ఎవరో పిల్ల కుట్టి ఉంటుందనుకుంది. ఆ పిల్ల ఎప్పుడైనా ఎదురుపడితే రెండు చేతులూ పట్టుకోవాలని, ఒక్కసారి కళ్ళకద్దుకోవాలని ఆశ. గుమ్మం దగ్గర చప్పుడైతే ఇప్పటికీ తల తిప్పి చూస్తుంది.

"తాతా, మీ సంచి ఓసారి ఇలా ఇవ్వండి" అంది అత్తయ్య, పెట్టెలకు ముడులు వేస్తున్న ముసలాయనతో.

పురికొస తాత అన్నది ఆ ఆడవాళ్ళు పెట్టిన పేరే. నెల కిందట ఎవరూ పిలవకుండానే వచ్చాడు. పురికొస చుట్ట అందుకుని పెట్టెలకు ముడులు వెయ్యడం మొదలుపెట్టాడు. పెట్టెల మీద ఆఖరి చెయ్యి తాతదే. రోజూ అదే బూడిదరంగు కోటు. మాట తక్కువ. ఒక్క విషయంలోనే నస.

"అమ్మా, సూదీ దారం, కాసిని గుండీలు పెడదామా?"

"యుద్ధంలో కుట్టుపని ఎవరు పెట్టుకుంటారు తాతా? బిస్కెట్లు పెడితే తింటారు."

"తింటే అయిపోతాయమ్మా."

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు తాతా" అని నవ్వింది ఆసుపత్రి డ్యూటీ దిగి వచ్చి పక్కనే జాబితా రాస్తున్న నర్సు. "కుట్టే ఆవిడే వద్దంటుంటే."

"గుండీల మాట నా దగ్గర ఎత్తకండి" అంది అత్తయ్య. ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు తాత సంచి ఇచ్చాడు.

అందులో ఆరు సబ్బులున్నాయి.

గదిలో కత్తెరల చప్పుడు ఆగిపోయింది.

"ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. మా అత్తయ్య పట్టింది" అంది నర్సు.

"వాసన సబ్బులమ్మా" అన్నాడు తాత మెల్లగా. "అక్కడ పనికిరావు. మనిషి ఎక్కడ నక్కాడో గాలే చెప్పేస్తుంది."

"మీ ఇంట్లో పనికొస్తాయేం?"

తాత పెట్టె వైపు చెయ్యి చాచాడు. అత్తయ్య దాన్ని పక్కకు జరిపేసింది.

"వయసు చూసి ఊరుకుంటున్నాను. రేపట్నించి రావద్దు."

"ఈ ఒక్క పెట్టెకీ ముడి వేసి వెళ్తానమ్మా."

"అక్కర్లేదు."

పురికొస చుట్టను దొర్లిపోకుండా గోడవారన పెట్టి, తాత వెళ్ళిపోయాడు.

అత్తయ్య సబ్బు తిరిగి సర్దబోతే పెట్టెలో చోటు చాల్లేదు. సబ్బు ఉండాల్సిన మూల కాగితం పొట్లం ఉంది. విప్పింది. రెండు దారపు ఉండలు, సూదులు, గుప్పెడు గుండీలు. రెండో పెట్టెలోనూ అంతే. సూదులన్నిటికీ దారం ముందే ఎక్కించి ఉంది.

నర్సు ఒక సూది తీసి వెలుతురుకు పట్టి చూసింది.

"ఇది దొంగతనం కాదత్తయ్యా. ఒకటి తీసి ఒకటి పెట్టాడు, తూకం తప్పకుండా."

"నోరు తెరిచి చెప్పొచ్చుగా."

"నెల రోజులుగా చెబుతూనే ఉన్నాడు."

అత్తయ్య తల వంచుకుని పొట్లం మళ్ళీ కట్టింది. ఉన్నచోటే పెట్టింది.

"రేపు రమ్మని కబురు పెడదాం."

"ఎక్కడికని? ఆయన ఇల్లెక్కడో మనం ఎప్పుడైనా అడిగామా?"

ఆ గురువారం వ్యాను వెళ్ళింది. ఆపై గురువారమూ వెళ్ళింది. ముడులు అత్తయ్యే వేసింది. పురికొస వేళ్ళను కోస్తుందని అప్పుడు తెలిసింది ఆమెకు.

మూడో గురువారం ఒకావిడ గుమ్మంలో నిలబడింది. అత్తయ్య తల తిప్పి చూసింది.

"ఇక్కడ బట్టలు తీసుకుంటారా అండీ? మా మేడ మీద అద్దెకుండే పెద్దాయనది. మొన్న మెట్లెక్కుతూ అలాగే కూలబడి ప్రాణం వదిలాడు. నా అన్నవాళ్ళు లేరు. కోటు ఇంకా గట్టిగానే ఉంది, పారెయ్యడానికి మనసొప్పలేదు."

బూడిదరంగు కోటు.

అత్తయ్య లేచి కోటు అందుకుంది.

"ఆయన ఏం పని చేసేవారండీ?"

"మిలిటరీ గోడౌనులో గుమాస్తా అట. యుద్ధంలో పోయిన కుర్రాళ్ళ సామాన్లు పెట్టెల్లో కట్టి ఇళ్ళకు పంపించేవాడట. ముప్పై ఏళ్ళూ అదే పని. 'పెట్టె విప్పగానే తల్లి కన్ను గుండీల మీదే పడుతుందండీ' అనేవాడు ఒక్కోసారి. నాకేం బోధపడేది కాదు."

ఆవిడ వెళ్ళిపోయింది.

అత్తయ్య కోటును ఒళ్ళోకి తీసుకుంది. నెల రోజులు కళ్ళెదుట తిరిగిన కోటు. ఒక్కనాడూ దాని మీద చూపు ఆపలేదు.

ఐదు గుండీలూ నల్లదారంతో కుట్టి ఉన్నాయి, ఒక రంధ్రం నుంచి మిగతా మూడింటికీ, పిచ్చుక కాలిలా.