ఖాళీ టేబుల్

ఈశ్వరరావు టేబుల్ మీదున్న టిష్యూ పాకెట్ చింపి ముఖం తుడుచుకున్నాడు.

"అయ్యో, ఎవరిదో ఏమో! తీసేసుకుంటారేంటండీ?" అంది సుభద్ర.

"ఎవరో మర్చిపోయి పోయారు. హాలు మొత్తానికి ఇదొక్కటే ఖాళీ టేబుల్. ముందు కూర్చో."

సింగపూర్‌లోని తంజోంగ్ పగార్‌లో మధ్యాహ్నం పన్నెండున్నర. చుట్టుపక్కల ఆఫీసులన్నిటికీ ఒకేసారి ఆకలేసినట్టుంది. ప్లేట్లు పట్టుకున్న జనం కుర్చీల కోసం, వరసగా తిండి దుకాణాలున్న ఆ హాకర్ సెంటరంతా తిరుగుతున్నారు.

ఈశ్వరరావు నాలుగు కుర్చీలూ లెక్కపెట్టాడు. రెండింట్లో తనూ, భార్యా. మూడోదాంట్లో కూతురి కోసం సుభద్ర సంచి. నాలుగోదాని మీద జేబురుమాలు దులిపి పరిచాడు.

గుడివాడ బస్టాండులో ముప్పై ఏళ్లపాటు కదిలే బస్సు కిటికీలోంచి రుమాలు విసిరి సీటు పట్టిన చెయ్యి అది. ఒక్కసారి కూడా గురి తప్పలేదు.

"ఇవాళొక్కరోజు ఎవరితోనూ గొడవ పెట్టుకోకండి. మీకు దణ్ణం పెడతాను," అంది సుభద్ర.

ఆ దణ్ణానికి కారణం ఉంది. కాశీలో పడవవాడితో పోట్లాడి, హారతి మొదలవకముందే ఒడ్డుకు దింపించాడు. కొడైకెనాల్‌కి పోతూ డ్రైవరుతో పోట్లాడి, సగం కొండ నుంచే కారు వెనక్కి తిప్పించాడు. నలభై ఏళ్ల కాపురంలో సుభద్ర ఏ ఊరూ పూర్తిగా చూడలేదు.

ఈసారి ఆవిడ నోరు తెరిచి అడిగింది. వియత్నాంలో, డానాంగ్ సముద్రతీరానికి కాస్త దూరంలో, వెయ్యేళ్ల నాటి శివాలయాలున్నాయట. అవి చూడాలి. గుండ్రటి వెదురుబుట్ట పడవ ఎక్కాలి.

ఇక్కడే ఉద్యోగం చేస్తున్న కూతురు నిఖిల గాలించి గాలించి లాన్ అనే గైడును పట్టుకుంది. చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన టీచరు. రోజుకు ఒక్క కుటుంబాన్నే, సొంత కారులో తిప్పి చూపిస్తారు. ఒకటే షరతు. ముందు ఆ కుటుంబంతో ఒక పూట కలిసి భోంచేస్తారు. మనుషులు నచ్చితేనే టూరు.

ఈ వారం లాన్ సింగపూర్‌లోనే బంధువులింట్లో ఉన్నారు. నిఖిల తమ ముగ్గురి ఫొటో పంపి, ఇవాళ ఇక్కడికి భోజనానికి పిలిచింది.

"గైడంటే నెత్తిన టోపీ, చేతిలో జెండా. దూరం నుంచే పట్టేస్తా," అన్నాడు ఈశ్వరరావు, జనంలోకి మెడ సాచి.

అంతలో నెరిసిన జుట్టు, పొట్టి మనిషి ఒకావిడ ట్రేలో నాలుగు గ్లాసుల నిమ్మరసం తెచ్చి టేబుల్ మీద పెట్టింది. చిరిగిన టిష్యూ పాకెట్‌ని చూసింది. ఈశ్వరరావుని చూసింది.

"సర్, ఈ టేబుల్..." అంది ఇంగ్లీషులో.

"థాంక్యూ, థాంక్యూ!" ఈశ్వరరావు ఒక గ్లాసు ఎత్తి సగం తాగేశాడు. "చూశావా సుభద్రా, అడక్కుండానే తెచ్చారు. సర్వీసంటే ఇదీ! షుగర్ తక్కువ. నెక్స్ట్ టైం, మోర్ షుగర్!"

ముఖం తుడుచుకున్న టిష్యూ ఉండచుట్టి ఆవిడ చేతిలో పెట్టాడు. "డస్ట్‌బిన్!"

ఆవిడ ఆ ఉండ వంక ఒక్క క్షణం చూసి, ట్రేలో వేసింది. తర్వాత జేబురుమాలున్న కుర్చీ మీద చెయ్యి వేసింది.

ఈశ్వరరావు ఎగిరి లేచాడు. "నో! నో! రిజర్వ్‌డ్!"

"ఎవరికి?"

"మా గైడుకి. వెరీ బిగ్ పర్సన్. హిస్టరీ టీచర్!"

"ఓ," అంది ఆవిడ.

"పాపం, పెద్దావిడ. కాసేపు కూర్చోనివ్వండి," అని సుభద్ర లేవబోయింది.

"కూర్చో! లేచావంటే సీటు పోతుంది!"

సుభద్ర కూర్చునే, సంచిలోంచి డబ్బా తీసి చేగోడీలు అందించింది. ఆవిడ రెండు చేతులతో తీసుకుని, నిలబడే తింది.

"వియత్నాం... శివా టెంపుల్... ఐ గో," అంది సుభద్ర, తనకొచ్చిన ఇంగ్లీషంతా కూడదీసుకుని.

ఆవిడ ముఖం వెలిగింది. వంగి సుభద్ర మోకాలిని మెల్లగా తట్టింది. "ఎండెక్కకముందే వెళ్లాలి. నెమ్మదిగా నడవాలి."

"మాకు గైడున్నాడమ్మా. యూ గో," అన్నాడు ఈశ్వరరావు.

ఆవిడ సుభద్రకి చేతులు జోడించి, జనంలోకి వెళ్లిపోయింది.

ఐదు నిమిషాలకి నిఖిల ఆఫీసు నుంచి పరుగెత్తుకొచ్చింది. "ఈ టైంలో టేబుల్ ఎలా దొరికింది నాన్నా?"

"మీ నాన్నంటే ఏమనుకున్నావ్? ఖాళీగా ఉంది, పట్టేశా. ఎవరో టిష్యూలు కూడా వదిలేసి పోయారు."

నిఖిల నెత్తి పట్టుకుంది. "నాన్నా! ఇక్కడ టిష్యూ పాకెట్ పెట్టారంటే ఆ టేబుల్ పట్టుకున్నట్టు. చోప్ చేయడం అంటారు. నువ్వు బస్సులో రుమాలు వేస్తావే, అలాగన్నమాట!"

ఈశ్వరరావు చేతిలో గ్లాసు ఆగిపోయింది.

"నీ రుమాలు తీసి ఎవడైనా ముఖం తుడుచుకుంటే ఊరుకుంటావా?"

ఊరుకోడు. ఆ సంగతి గుడివాడ డిపో అంతటికీ తెలుసు.

"ఇంతకీ మీ గైడేడీ?" అన్నాడు మాట మారుస్తూ.

నిఖిల ఫోను టింగుమంది. మెసేజ్ చూసి, ముందు నవ్వింది. తర్వాత తండ్రి వంక చూసి, నవ్వు ఆపుకుని, పైకి చదివింది.

"టేబుల్ తుడిచి, టిష్యూ పెట్టి, మీ అందరికీ నిమ్మరసం తేవడానికి వెళ్లాను. చేగోడీలు చాలా బాగున్నాయి. ఎల్లుండి ఉదయం ఆరింటికి డానాంగ్‌లో నా కారులో మీ అమ్మగారికీ, మీకూ సీట్లున్నాయి. మూడో సీటు మీద మాత్రం జేబురుమాళ్లు చెల్లవు. ఇట్లు, లాన్."