వంతెన మీద ఆగిన కథ

"సార్, కంగారు పడకండి. వెనకవాళ్లకి అనుమానం రాకుండా నేను చెప్పేది వినండి," అన్నాడు డ్రైవరు, గొంతు బాగా తగ్గించి.

మొదటి సీట్లో ఉన్న రచయిత కమ్మీ పట్టుకుని ముందుకు వంగారు. వానకు జారిన బస్సు వంతెన పిట్టగోడను బద్దలుకొట్టి ఆగింది. డ్రైవరు వీపు వెనక నిలువెత్తు చెక్క ఉంది కాబట్టి మిగతా ప్రయాణికులకు ముందు ఏముందో కనబడదు. రచయితకు కనబడింది. అద్దం అవతల రోడ్డు లేదు. దిగువన బురదనీళ్లు సుళ్లు తిరుగుతూ పోతున్నాయి.

"ముందు చక్రాలు గాల్లో ఉన్నాయి సార్. నా కాలు స్టీరింగు కింద ఇరుక్కుపోయింది, ఎంత లాగినా రావట్లేదు. వెనకున్నవాళ్ల బరువే బండిని పట్టుకుని ఉంది. వాళ్లు దిగారో, నేను బండితో పాటు ఏట్లోకే."

"అయితే వాళ్లకి చెప్పేద్దాం."

"చెబితే ఒకరి మీద ఒకరు పడి దూకేస్తారు. తలుపు వాళ్ల పక్కనే ఉంది. క్రేనుకి ఫోన్ చేశాను. అది వచ్చేదాకా ఎలాగోలా కూర్చోబెట్టండి. మీరూ..." డ్రైవరు కళ్లతో వెనక సీట్లవైపు చూపించాడు. "మీరూ అక్కడే ఉండండి సార్."

రచయిత లేచి నిలబడ్డారు.

కూర్చోబెట్టాలట. ఆ ఉదయమే వారపత్రిక ఎడిటరు ఆయన సీరియల్ ఆపేశారు. "మీ దగ్గర ఉత్కంఠ లేదండీ. ప్రమాదం పాఠకుడికి తెలియాలి, పాత్రకి తెలియకూడదు. మీరేమో అందరికీ అన్నీ చెప్పేస్తారు. జనం సగంలోనే పక్కన పడేస్తున్నారు," అన్నారు. పుస్తకం చేతిలో ఉన్నవాణ్ణే ఆపలేని మనిషి, తలుపు పక్కన ఉన్నవాళ్లను ఆపాలి ఇప్పుడు.

పెదాల మీదికి నవ్వు తెచ్చిపెట్టుకుని ఆయన మెల్లగా వెనక్కి నడిచారు. ప్రయాణికులు తక్కువే. అప్పటికే భుజాన సంచీ తగిలించుకుని నిలబడ్డాడు మెడలో టేపు వేలాడుతున్న టైలరు. పసిబిడ్డను ఎత్తుకున్న తల్లి వెనక తలుపు తీసి, బయటికి వంగి చూస్తోంది.

రచయిత చప్పున అడ్డుపడ్డారు. "దిగకమ్మా. వేరే బస్సు వస్తోందట. ఈ వానలో బిడ్డ తడిసిపోతుంది."

ఆమె ఒక్క క్షణం అలాగే ఉండి, తల లోపలికి తీసుకుంది. తలుపు మూసి గడియ పెట్టింది. "అవునండీ, జల్లు గట్టిగా కొడుతోంది," అంది. పక్కనున్న ముసలావిడ వైపు వంగి, బిడ్డ తలకు గుడ్డ చుడుతూ ఏదో గొణిగింది. ముసలావిడ టైలరు చొక్కా పట్టి లాగి అతనితో ఏదో అంది.

ఇక ఆలస్యం చేస్తే లాభం లేదనుకున్నారు రచయిత.

"నేను కథలు రాస్తుంటాను. బస్సు వచ్చేదాకా ఒకటి చెప్పనా?"

టైలరు ఆయన్ను ఎగాదిగా చూశాడు. సంచీ దించి, వెళ్లి చిట్టచివరి సీట్లో కూలబడ్డాడు. "చెప్పండి మాస్టారూ. ఇటు రండి, ఇక్కడైతే బాగా వినబడుతుంది."

మిగతావాళ్లూ అటే జరిగారు. రచయిత వాళ్ల మధ్యకు వెళ్లి మొదలుపెట్టారు.

"గడియారాలు బాగుచేసే ఒకాయన చీకటితోనే కొట్టుకి వచ్చాడు. వేసిన తాళం వేసినట్టే ఉంది. తలుపు తీస్తే, లోపల తన కుర్చీలో ఎవరో అటు తిరిగి కూర్చుని చేతిగడియారం విప్పుతున్నారు. అది ఎక్కడో చూసినట్టుంది. ఇతను తన మణికట్టు చూసుకున్నాడు..."

కావాలనే ఆపారు.

"చూసుకుంటే?" అంది ముసలావిడ.

"ఖాళీగా ఉంది."

బస్సు కీచుమని మూలిగి కాస్త ముందుకు వాలింది. రచయిత సీటు కమ్మీ గట్టిగా పట్టుకున్నారు. బిడ్డ ఏడుపు అందుకుంది. ఇంకేముంది, లేచి పరిగెడతారనుకున్నారు. ఎవరూ కదల్లేదు. తల్లి బిడ్డను గుండెకు హత్తుకుని, "తర్వాత ఏమైందన్నయ్యగారూ?" అంది గబగబా.

ఆయన చెప్పారు. కుర్చీలో మనిషి మెల్లగా ఇటు తిరిగాడన్నారు. ముఖం కనబడేలోపు దీపం ఆరిపోయిందన్నారు. చీకట్లో తలుపు దానంతటదే మూసుకుందన్నారు. ఆ తర్వాత ఏం జరగాలో ఆయనకే తోచలేదు. మాట తడబడింది.

"అది సరే గానీ, తాళం వేసే ఉందన్నారు కదా. వాడు లోపలికెలా వచ్చాడు?" అన్నాడు టైలరు. అతని నుదుటి నిండా చెమట.

"ఆపకు నాయనా, చెప్పు," అంది ముసలావిడ, ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుని.

అంత భయంలోనూ రచయితకు ఒళ్లు పులకరించింది. ఇన్నేళ్లలో ఆయన్ను ఎవరూ ఇలా అడగలేదు. తాళానికి ఒక కారణం పుట్టించారు, దానికింద మరో ముడి వేశారు. గొంతు బొంగురుపోతున్నా చెబుతూనే ఉన్నారు.

క్రేను వచ్చింది. వెనక ఇనుపగొలుసులు బిగిసిన చప్పుడైంది. ధన్‌మని బస్సు వెనక భాగం రోడ్డుకు ఆనింది. డ్రైవరు కాలు విడిపించి, స్ట్రెచరు మీద దింపాక మిగతావాళ్లు ఒక్కొక్కరే దిగారు. స్ట్రెచరు మీద నుంచి డ్రైవరు రచయితకు చేతులెత్తి దండం పెట్టాడు.

వానలో తడుస్తూ రచయిత ముసలావిడ దగ్గరికి వెళ్లారు. "ఏమనుకోకండమ్మా. ఆ డ్రైవరు ప్రాణం కోసం, మీకు నిజం చెప్పకుండా కథతో కూర్చోబెట్టాను."

ముసలావిడ తెల్లబోయి ఆయన వంకా, తల్లి వంకా చూసింది.

"నీకూ తెలుసా నాయనా? వెనక చక్రాలు నేలకి ఆనడం లేదని ఈ అమ్మాయి తలుపు తీసినప్పుడే చూసింది. ఒక్కరు దిగినా బండి ముందుకి ఒరిగిపోతుంది. నీకు తెలిస్తే దూకేస్తావేమోనని..."

తల్లి తల దించుకుని అందుకుంది.

"మీరు దిగిపోకుండా ఉండాలనే కథ అడుగుతూ కూర్చున్నామండీ."