మధ్యాహ్నం మోగే తీగ

"నేను రానన్నయ్యా. ఆయన ఇక్కడుంటే నేనెక్కడికొస్తాను?"

చెల్లెలు మంచం మీద గిటార్ పక్కనే కూర్చుని ఖరాఖండిగా చెప్పేసింది. అన్న నెత్తి కొట్టుకున్నాడు. సామాను సగం కింద వ్యానులోకి ఎక్కింది. మిగిలిన సగం అట్టపెట్టెల్లో గుమ్మం దగ్గరుంది. మనిషి మాత్రం ఈ మేడ మీది గది వదలనంటోంది. భర్త పోయిన దగ్గర్నుంచి ఆమెకి తిండి లేదు, నిద్ర లేదు. ఇలాగే ఉంటే చెల్లెలు కూడా దక్కదని అన్న భయం. అందుకే గిటార్లు బాగుచేసే మేస్త్రిని వెంటబెట్టుకొచ్చాడు.

"మా బావ వాయించిన బేస్ గిటార్ ఇది, మేస్త్రిగారూ. రోజూ మధ్యాహ్నం దానంతటదే మోగుతుందట. బావే వాయిస్తున్నాడట."

"అట ఏంటి? నిన్న నువ్వూ విన్నావుగా!" అంది చెల్లెలు.

అన్న తల గోక్కున్నాడు. విన్నాడు మరి. మేస్త్రిని పక్కకి లాగి, "ఏదో పాడైందని చెప్పండి. నిజమో అబద్ధమో, ఆమె ఇక్కణ్నుంచి కదిలితే చాలు" అని గొణిగాడు.

"అబద్ధం నా వల్ల కాదు సార్. ఉంటే ఉందంటాను, లేకపోతే లేదంటాను."

దెయ్యాలంటే మేస్త్రికి నవ్వు. జుట్టు నెరిసేదాకా చెక్కతో, తీగలతో కాపురం చేసినవాడు. గిటార్‌ని ఒళ్లోకి తీసుకుని తిప్పి చూశాడు. నాలుగు లావుపాటి తీగలు, పొడవాటి మెడ, చవకరకం చెక్క. కొత్తగా నేర్చుకునేవాళ్లు కొనే సరుకు. కానీ మెడ మీద అడ్డంగా ఉన్న ఇత్తడి రంగు మెట్లు బాగా అరిగి ఉన్నాయి. వాయించినవాడు దీన్ని ప్రాణంగా చూసుకున్నాడనిపించింది.

గిటార్‌ని తిరిగి మంచం మీద పెట్టాడో లేదో, లావు తీగ మోగింది. బొంగురుగా, బరబరమంటూ. ఎవరి వేలూ దాని మీద లేదు.

"విన్నారా?" ఆమె మొహం వెలిగిపోయింది. అన్న ఒక అడుగు వెనక్కి వేశాడు.

మేస్త్రి గిటార్ మీదికి వంగాడు. వెంటనే చెవి రిక్కించి, లేచి, గోడవారనున్న ఫ్రిజ్ స్విచ్ ఆపాడు. తీగ ఆగిపోయింది. కాసేపాగి మళ్లీ వేశాడు. ఫ్రిజ్ గుర్రుమంది. తీగా గుర్రుమంది.

"ఇదమ్మా సంగతి. మధ్యాహ్నపు వేడికి ఫ్రిజ్ గట్టిగా అదురుతుంది, ఆ అదురుకి ఈ తీగ పలుకుతోంది. పైగా తేమకి మెడ వెనక్కి వంగి, తీగ మెట్లకి తగిలి బరబరమంటోంది. దీన్ని బతికున్నవాళ్లే సరిగ్గా పలికించలేరు, పోయినవాళ్లేం పలికిస్తారు?"

ఆమె ఫ్రిజ్ వంక చూసింది.

"అయితే ఇన్నాళ్లూ నేను కష్టసుఖాలు చెప్పుకున్నది ఫ్రిజ్‌తోనా?"

నవ్వబోయి ఏడ్చేసింది. మేస్త్రి మనసు చివుక్కుమంది. ఆమెకున్న ఒక్క ఆసరానీ తన చేత్తో లాగేసినట్టయింది. నోరు కాస్త అదుపులో పెట్టుకోవాల్సిందనుకున్నాడు.

"ఊరుకో తల్లీ" అన్నాడు అన్న. "మీ వదిన నీ కోసం గది సర్ది ఎదురుచూస్తోంది."

"వస్తాను" అంది కళ్లు తుడుచుకుని. "మేస్త్రిగారూ, దాని మెడ మాత్రం సరిచేయండి. వాయించుకునేవాళ్లెవరికైనా ఇచ్చేస్తాను."

"ఎంతసేపమ్మా, చిటికెలో పని."

గిటార్‌ని బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టాడు. వెనక అన్న పెట్టెలు మోస్తున్న చప్పుడు వినిపించింది, కాసేపటికి అదీ ఆగింది. మెడ వంపు చూడాలంటే తీగని మొదటి మెట్టు దగ్గరా చివరి మెట్టు దగ్గరా ఒకేసారి నొక్కిపెట్టి, నడుమ తీగ కింద పల్చటి ఉక్కు రేకు దూరుతుందో లేదో చూడాలి. రెండు చేతులు చాలవు. మొదటి మెట్టు దగ్గర బిగించే క్లిప్పేమో షాపులోనే మరిచిపోయాడు. ఒక చేత్తో చివరి మెట్టు నొక్కి, రెండో చేత్తో రేకు పట్టుకుని, చెంప చెక్కకి ఆనించి ఒక కన్ను మూశాడు.

"అమ్మా, అటు చివర మొదటి మెట్టు దగ్గర తీగ నొక్కి పట్టుకోండి" అన్నాడు రేకు మీంచి చూపు తిప్పకుండా.

తీగ మెట్టుకి ఆనింది.

"మరీ అంత గట్టిగా వద్దు."

పట్టు కాస్త సడలింది.

"ఆఁ, అలా ఉంచండి."

రేకు దూరలేదు. తల అలాగే వంచి, మెడకి ఇటు చివరున్న కన్నంలో అలెన్ కీ పెట్టి, మెడని బిగించి ఉంచే లోపలి ఇనప కడ్డీని రవ్వంత వదులు చేశాడు. మళ్లీ చూశాడు. ఈసారి రేకు సాఫీగా జారింది. మేస్త్రికి హాయిగా అనిపించింది.

"భలే పట్టుకున్నారమ్మా! నా క్లిప్పు కూడా ఇంత నిలకడగా ఉండదు" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "నా మాటకి బాధపడకండి. ఆయన ఇక్కడ లేరని తెలియడమే మీకు మంచిది. అయిపోయింది, ఇక చెయ్యి తీసేయండి" అన్నాడు.

తీగ పైకి లేవలేదు. అలాగే మెట్టుకి అదిమి ఉంది.

"అమ్మా, చెయ్యి తీసేయమంటున్నాను."

కిటికీ కింద వీధిలో వ్యాను హారన్ మోగింది. దాని వెంటే ఆమె గొంతు కింది నుంచి వినిపించింది.

"మేస్త్రిగారూ, మేమిద్దరం ఎప్పుడో బండెక్కేశాం! అయిపోతే తాళం పెట్టి వచ్చేయండి, పైన ఇంకెవరూ లేరుగా!"