వంద దాటితే వణుకు

వంద దాటగానే కారు హోరుమంటోందని, స్టీరింగ్ వణుకుతోందని అల్లుడు చెబితే, ముప్పై ఏళ్లు బస్సు నడిపిన మామగారు మూతి విరిచారు.

"నీకు స్టీరింగ్ పట్టుకోవడమే రాదు. జరుగు, నేను నడుపుతా."

హైవే మీద వంద దాటించారు. హోరెత్తిపోయింది. అల్లుడి కాళ్ల కింద కూడా అదురుతోంది.

"ఈ హోరు చక్రం బేరింగుది. ఆమాత్రం తెలీదూ? ఇక వణుకంటావా, అది నీ గుండెల్లో ఉంది. నా చేతులకేం తెలియడం లేదే!"

"బండంతా అదిరిపోతోంది మామయ్యగారూ! పక్కన ఆపండి."

"పిరికి సన్నాసీ," అని విసుక్కుంటూ ఆపి, ఇంజను కట్టేశారాయన. హోరు ఆగింది, అదురూ ఆగింది. స్టీరింగ్ మీద ఆయన చేతులు మాత్రం ఇంకా వణుకుతూనే ఉన్నాయి.

అల్లుడు చూశాడని గ్రహించి గబుక్కున ఒళ్లోకి లాక్కున్నారు.

"అమ్మాయికి చెప్పకు బాబూ," అన్నారు మెల్లగా.