నలభై రెండో చుక్క

రాత్రి పదకొండు దాటింది. డులూత్‌లోని ఆసుపత్రి కింది అంతస్తులో టెక్నీషియన్ మార్లిస్ ఒక్కతే కూర్చుని, ముసలి రోగి ఆర్విడ్ గుండె పటాన్ని కంప్యూటర్లో భద్రపరుస్తోంది. లయ తప్పిన ఆ గుండెలోకి డాక్టరు తొడ రక్తనాళం గుండా సన్నని తీగ పంపి, లయ చెడగొట్టే చోట్లను పగలంతా కాలుస్తూనే ఉన్నాడు. కాల్చిన చోటల్లా పటం మీద ఎర్ర చుక్క పడుతుంది. మొత్తం నలభై ఒకటి. జబ్బు మూలం మాత్రం గుండె గోడ లోతులో ఉండిపోయింది. తీగ అందలేదు. ఆర్విడ్‌ను అలాగే పైవార్డుకు పంపేశారు.

మార్లిస్ చుక్కలు సరిచూసుకుంది. నలభై రెండు.

కొత్త చుక్క సరిగ్గా ఆ అందని చోటే ఉంది. పక్కన సమయం 11.04. తీగ బయటికి తీసి అయిదు గంటలైంది. దాన్ని చెత్తలో వేసింది తనే.

ఆమె పైవార్డుకు ఫోన్ చేసింది. నర్సు టెస్ ఎత్తింది.

"ఏంటే, ఇంకా ఇంటికి పోలేదా? మీ ఆయన మంచం మీద నీ చోట్లో కుక్కను పడుకోబెట్టేసుంటాడు."

"ఆర్విడ్ ఎలా ఉన్నాడు?"

"ఇప్పుడే కుదుటపడ్డాడు. పదకొండూ నాలుక్కి లయ దానంతటదే దారిలో పడింది. ముసలాయనదే ఒకటే గోల. లోపల ఇంకా మండుతోందట, ఇక చాలు, ఆపమని మీ కిందవాళ్ళకి చెప్పమంటాడు."

మార్లిస్ పక్కనున్న, తీగకు వేడి పంపే యంత్రం టిక్కుమంది. కాల్చేటప్పుడు మాత్రమే వచ్చే చప్పుడది.

నలభై మూడో చుక్క పడింది. అది జబ్బు చోట లేదు. గుండెకు కొట్టుకోమని కబురు వెళ్ళే దారి పక్కన ఉంది. అక్కడ కాలితే గుండె ఆగుతుందని డాక్టరు తీగను ఆ దరిదాపులకు కూడా పోనివ్వడు.

"టెస్, ఆయన దగ్గరికి పరిగెత్తు!"

యంత్రం మళ్ళీ టిక్కుమంది.